ఇనుముకి ఇనుము తగిలే చోటు

జ్యోత్స్న పికప్పు వ్యానును తుఫాను షెల్టరు ర్యాంపు మీద నిలపడం మొదలుపెట్టి నెల దాటింది. ఊళ్ళో ఏటవాలుగా ఉన్న చోటు అదొక్కటే. తక్కినదంతా ఇసుక. కాశీబుగ్గ నుంచి తిరిగి రాగానే బండిని వెనక్కి నడిపి ర్యాంపు ఎక్కించి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి దిగేది. తెల్లవారగానే రాళ్లు తీసి బండిని కిందికి వదిలి, కాస్త వేగం అందుకున్నాక క్లచ్చు మీద కాలు తీస్తే ఇంజను అందుకునేది. అందుకోని రోజున చేపల గంపలు దించి ఆడవాళ్లంతా వెనక చేరి తోయాలి. పడవల్ని ఒడ్డుకు లాగిన చేతులు కాబట్టి తోయడం వాళ్లకు కొత్త కాదు. అయితే పడవను తోసేటప్పుడు ఎవరూ ఎవరినీ తిట్టరు. బండిని తోసేటప్పుడు తిట్టేవారు.

"ఒలే జ్యోత్స్నా, నువ్వు మమ్మల్ని బజారుకి తీసుకెల్తన్నావా, మేం నిన్ను తోసుకెల్తన్నామా? ఆ ముక్క సెప్పు ముందు," అనేది కళావతి. అందరికన్నా గట్టిగా తోసేదీ ఆవిడే.

ఊరు పూండి స్టేషనుకు తూర్పున, సముద్రాన్ని ఆనుకొని ఉంది. మగవాళ్లు వేటకు వెళ్లి తెచ్చిన చేపల్ని ఆడవాళ్లు కాశీబుగ్గ బజారులో అమ్ముతారు. ఎండ ముదిరేలోపు చేరిన గంపకే ధర. జ్యోత్స్న భర్త రాజేంద్ర గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనిచేస్తాడు. రెండేళ్ల కిందట వచ్చినప్పుడు ఈ పాత డీజిలు బండి కొని, సముద్రం పాటు తీసి వెనక్కి తగ్గినప్పుడు గట్టిపడే తడి ఇసుక మీద పెళ్లానికి నడపడం నేర్పి, లైసెన్సు తీయించి, మళ్లీ వెళ్లిపోయాడు. అంతకు ముందు ఆమె పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లేది. జీడిపిక్క కొట్టేటప్పుడు చిమ్మే రసం చేతుల్ని కాల్చి, నల్లబరచి, పొరలు పొరలుగా ఊడదీస్తుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా కొంతవరకే. బండి తోలడం మొదలెట్టిన ఏడాదికి ఆమె అరచేతులు మామూలు రంగుకు వచ్చాయి. ఇప్పుడు గోళ్ల సందుల్లో గ్రీజు ఉంటుంది. అది సబ్బుతో పోతుంది.

బండి అమ్మేస్తే తిరిగి జీడిపిక్కల దగ్గరికే. ఆ మాట ఇంట్లో అప్పటికే అయిపోయింది. మామ చిన్నారావు టెక్కలిలో పాత బళ్లు కొని అమ్మే తారకేశ్వరరావుకు కబురంపాడు. శుక్రవారం వచ్చి చూసుకుంటానని ఆయన అన్నాడు. ఫ్యాక్టరీ మేస్త్రీతో కళావతి మాట్లాడి పెట్టింది. అత్త దేముడమ్మకు కోడలు బండి తోలడం ఇష్టమే. ముందు సీట్లో కూర్చొని బజారులో దిగే మర్యాద ఆవిడకు నచ్చింది. కాని తోసుకుంటూ వచ్చిన రోజుల్లో ఆ మర్యాద తిరగబడేది. ఆటోలో వచ్చినవాళ్లు అప్పటికే సగం అమ్ముకొని ఉండేవారు.

బండికి ఏం జబ్బో ఎవరికీ అంతు పట్టలేదు. వేసవిలో వేట నిషేధం ఉన్నన్నాళ్లు బండి ఇంటి ముందు ఊరికే ఉంది. నిషేధం ఎత్తేశాక తాళం తిప్పితే సెల్ఫు నీరసంగా మూలిగింది. నిలవ ఉండి బ్యాటరీ చచ్చిందన్నారు. కొత్త బ్యాటరీ వేశారు. కొన్నాళ్లు బాగానే ఉంది, తర్వాత అదీ దిగిపోవడం మొదలైంది. డైనమో చార్జింగు ఇవ్వడం లేదన్నారు. కాశీబుగ్గలో బళ్ల కరెంటు పని చేసే శివాజీ డైనమో దించి, కార్బన్లు మార్చి ఎక్కించాడు. తర్వాత సెల్ఫు మోటారు దించాడు. అన్నీ అతని బల్ల మీద పెట్టి చూస్తే గిర్రున తిరిగేవి. బండిలో బిగిస్తే ఒకరోజు పనిచేసేవి, ఒకరోజు టక్కుమని ఊరుకునేవి. తన బల్ల మీద బాగున్నది బండిలో ఎందుకు బాగుండదో తనకే తెలియడం లేదని శివాజీ ఒప్పుకున్నాడు. అలా ఒప్పుకున్నందుకే జ్యోత్స్న మరో మెకానిక్కు దగ్గరికి వెళ్లలేదు.

మధ్యలో ఎక్స్‌లేటరు పెడలు ఒకసారి బిగుసుకుపోయింది. పెడలు నుంచి ఇంజనుకు వెళ్లే ఇనుప తీగ మీది ప్లాస్టిక్ తొడుగు కరిగి తీగకు అతుక్కుపోయింది. సైలెన్సరు వేడికి కరిగి ఉంటుందని శివాజీ కొత్త తీగ వేసి, దూరంగా జరిపి కట్టాడు.

బుధవారం పొద్దున ర్యాంపు కింద గేదెలు అడ్డంగా పడుకున్నాయి. వాటిని లేపేలోగా ఒకసారి చూద్దామని జ్యోత్స్న తాళం తిప్పింది. టక్కుమంది. మళ్లీ తిప్పింది. పట్టుదలగా తిప్పుతూనే ఉంటే కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. దిగి బానెట్టు ఎత్తింది. పొయ్యి మీద వరసగా ఉన్న గిన్నెల్లో ఏది వేడెక్కిందో చూసినట్టు ఒక్కొక్క తీగనూ వేలితో తాకి చూసింది. బ్యాటరీ తీగ గోరువెచ్చగా ఉంది. మిగతావి చల్లగా ఉన్నాయి. ఎక్స్‌లేటరు తీగ చుర్రుమని కాల్చింది.

ఆమె వేలు నోట్లో పెట్టుకుంది. ఇంజను ఇంకా స్టార్టు కాలేదు. సైలెన్సరు మీద చెయ్యి వేసి చూసింది, రాత్రి పడిన సముద్రపు తేమ అంటుకుంది. పొయ్యి వెలిగించకుండానే గిన్నె కాలింది.

ఆ రోజు గేదెల్ని లేపి, బండిని కిందికి వదిలి, ఎలాగో బజారు చేర్చింది. గంపలు దించగానే నేరుగా శివాజీ దగ్గరికి వెళ్లి చూసింది చూసినట్టు చెప్పింది. అతను వేరే బండి సెల్ఫు మోటారేదో విప్పుతున్నవాడు ఆపాడు.

"ఇంజను సల్లగున్నప్పుడా?"

"సైలెన్సరు ముట్టుకొని సూసినానన్నా. తడిగుంది."

అతను బానెట్టు కిందికి వంగి తీగలన్నీ చూశాడు. తర్వాత ఆమెకు చెబుతున్నట్టు తనకు తానే చెప్పుకున్నాడు. బ్యాటరీ నుంచి లావు తీగలో సెల్ఫుకు వెళ్లిన కరెంటు ఇంజను ఇనుము మీదుగా, ఇంజనును ఛాసిస్‌కు కలిపే ఎర్తు పట్టీ మీదుగా, ఛాసిస్ మీదుగా మళ్లీ బ్యాటరీకి రావాలి. వచ్చే దారి మూసుకుపోతే ఇంకో దారి వెతుక్కుంటుంది. పలాస రైల్వే గేటు వేస్తే బళ్లన్నీ సందుల్లో దూరినట్టు. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉన్న సందు ఎక్స్‌లేటరు తీగ. అంత లావు కరెంటు అంత సన్న తీగలో పడితే కాలక ఏం చేస్తుంది? డైనమో ఇచ్చే చార్జింగు కూడా ఆ సందులోంచే తిరగాలి కాబట్టి బ్యాటరీకి సరిగ్గా అందడం లేదు. తను మీటరు డైనమో మీదే పెట్టి చూశాడు తప్ప బ్యాటరీ మీద పెట్టి చూడలేదు.

ఒక లావు తీగ తెచ్చి, ఒక కొస బ్యాటరీ నెగెటివుకు, రెండో కొస ఇంజనుకు పట్టించి, తాళం తిప్పమన్నాడు. తిప్పీ తిప్పగానే ఇంజను అందుకుంది. ఆపి మళ్లీ తిప్పమన్నాడు. మళ్లీ అందుకుంది. శివాజీ నవ్వలేదు. నెలరోజులుగా నవ్వులపాలైనవాడు ఒక్కసారిగా నవ్వలేడు. తీగ తీసేసి, బండి కింద దూరి, ఎర్తు పట్టీ బోల్టు విప్పాడు.

"సెల్లీ, ఇలగొచ్చి సూడు."

పట్టీ కొసన బోల్టు దూరే చెవి కింద ఛాసిస్ మీద నిగనిగలాడే నీలిరంగు. చెవికి రెండు వైపులా నీలం. వాషరుకు నీలం. బోల్టు మరల్లో కూడా నీలం. మరల్లో ఎక్కడో ఒక గీత రాసుకుపోయి ఇనుము బయటపడి ఉంది. బండి ఇన్నాళ్లూ స్టార్టయిన రోజున ఆ గీత పుణ్యాన స్టార్టయింది.

"ఇంత బాగా రంగేసినోణ్ణి నాను ఎక్కడా సూణ్ణేదు," అన్నాడు శివాజీ. "ఎవులేసినారు?"

"మా మావ."

చిన్నారావుకు సముద్రం మీదికి వెళ్లే వయసు దాటింది. ఏటా వేట నిషేధంలో ఊరి పడవలకు రంగు వేసేది ఆయనే. ఉప్పుగాలికి ఇనుము నిలవదు. మరీ ముఖ్యంగా ఇనుముకి ఇనుము తగిలే చోట ఉప్పు మొదట తింటుంది. అందుకని పడవకున్న ప్రతి బోల్టూ విప్పి, రెండు ముఖాలకూ రంగు వేసి, ఆరాక బిగించడం ఆయన పద్ధతి. పైపైన పూసేవాళ్లను ఆయన మనుషుల కింద లెక్కవేయడు. ఈ ఏడు పడవలయ్యాక రంగు మిగిలితే, కొడుకు కొన్న బండికి కూడా వేశాడు. పైన నీలం, అంచులకు పసుపు. చాప పరుచుకొని కింద పడుకొని అడుగంతా వేశాడు. అందిన బోల్టునల్లా విప్పి వేశాడు. ఆ వారమంతా జ్యోత్స్న ఆయనకు అన్నం బండి కిందికే అందించింది.

శివాజీ గరుకు కాగితంతో రంగు గీకి, ఇనుము తెల్లగా తేలేదాకా రుద్ది, పట్టీ బిగించాడు. బిగించాక పైన గ్రీజు పూస్తే తుప్పు పట్టదని చెప్పాడు, అప్పటికి అతని డబ్బాలో గ్రీజు అయిపోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని ఆమె అడిగింది. నెలరోజులు ఎర్తు చూడని కరెంటు పనివాడు ఎవరికి చెప్పుకుంటాడని అతనన్నాడు.

తిరుగుదారిలో పూండి స్టేషను దగ్గర ఒకసారి, జీడితోటల మధ్య ఇంకోసారి, ఊరికే ఆపి తాళం తిప్పి చూసింది. రెండుసార్లూ అందుకుంది.

ఇంటికి వచ్చి, బండి బాగయిందని మాత్రం చెప్పింది. ఏం చేస్తే బాగయిందని ఎవరూ అడగలేదు. డైనమో బాగయిందన్నప్పుడూ, సెల్ఫు బాగయిందన్నప్పుడూ వాళ్లు ఇదే మాట విన్నారు. దేముడమ్మ మాత్రం సంతోషించింది. శుక్రవారంలోపే బాగు చేయించింది కాబట్టి టెక్కలి ఆయన మంచి ధరే పెడతాడంది. జ్యోత్స్నకు అంతవరకూ ఆ ఆలోచనే రాలేదు.

"బాగయిపోనాది కదా మావా. ఇంకెందుకు అమ్మడం?"

"బాగున్నప్పుడే అమ్మాల," అన్నాడు చిన్నారావు. "మళ్లీ పాడయినాక ఎవులు కొంటారు? మాటిచ్చీసినాను కూడాను."

ఇక పాడవదని ఆమెకు తెలుసు. ఎందుకు పాడవదో చెప్పాలంటే ఎందుకు పాడయిందో చెప్పాలి. మామ వలల చిరుగులు కుట్టే చోట కూర్చొని ఉన్నాడు. గుమ్మం లోంచి చూస్తే ఆయన వెనక బండి కొత్త పడవలా మెరుస్తోంది. దారిన పోయేవాళ్లకు ఆయన దాన్ని చూపించేవాడు, అది కదిలినా కదలకపోయినా. రాజేంద్రకు ఫోను చేసింది. బోటు సముద్రంలో ఉంది, కలవలేదు.

శుక్రవారం బజారు నుంచి వచ్చి బండిని ర్యాంపు మీదికి ఎక్కించకుండా ఇంటి ముందర ఇసుకలోనే నిలిపింది. దేముడమ్మ ఇంకా బజారులోనే ఉంది. చిన్నారావు ఒడ్డుకు వెళ్లాడు. వంటింట్లో పాత కుక్కరు గ్యాస్కెట్టు మేకుకు వేలాడుతోంది. దానిలో ఒక ముక్క కోసి, పట్టీ చెవికి కొలిచి, అంచులు సరిచేసింది. అలాంటిదే ఇంకోటి వాషరు కింద పెట్టడానికి. విప్పిన ఎర్తు బోల్టుకు ప్లాస్టిక్ టేపు సాగదీసి చుట్టింది. బండి కింద పడుకొని అన్నీ వరసగా పెట్టి బిగించింది. లేచి చీర దులుపుకొని తాళం తిప్పి చూసింది. టక్కుమంది. కాళ్లు కడుక్కొని అన్నం వార్చడానికి వెళ్లింది.

తారకేశ్వరరావు మోటారు సైకిలు మీద, వెనక ఇంకో మనిషిని ఎక్కించుకొని వచ్చాడు. బండి చుట్టూ తిరిగి రంగు బాగుందన్నాడు. ఒడ్డు నుంచి వచ్చిన చిన్నారావు పసుపు అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తర్వాత తారకేశ్వరరావు సీట్లో కూర్చొని తాళం తిప్పాడు. లైట్లు వేసి చూస్తే జిగేలుమన్నాయి, హారను ఊరంతా వినిపించింది. తాళం తిప్పితే టక్కు. వెంట వచ్చిన మనిషి బ్యాటరీ బిగువులు చూశాడు, సెల్ఫు మీద పానా పెట్టి కొట్టాడు. మళ్లీ టక్కు. జ్యోత్స్న గుమ్మంలో నిలబడి చూస్తోంది. సన్నగా ప్లాస్టిక్ వాసన వచ్చేసరికి, కొత్తగా వేయించిన ఎక్స్‌లేటరు తీగ కాలిపోతుందేమోనన్న దిగులు ఆమెకు పట్టుకుంది. తోసి చూద్దామన్నారు. ఇసుకలో ఇద్దరు మగవాళ్లు ఎంత తోస్తారు? చక్రం ఇంకొంచెం దిగింది.

ఇంజనే పట్టేసి ఉంటుందని వెంట వచ్చిన మనిషి తేల్చాడు. తారకేశ్వరరావు దిగి, చేతులు దులుపుకొని, చుట్టూ ఒకసారి చూసి మాట అన్నాడు.

"ఇలగయితే తూకానికి తీసుకోవాల మావా. ఇనుము లెక్కన."

చిన్నారావు అర్థం కానట్టు చూశాడు. "తూకానికా?"

"మరింకేటి."

"అడుగు సూసినావా నువ్వు? ఒంగి సూడు. పదేళ్లు ఉప్పు తాకదు."

"రంగుకి తూకమేటుంటాది మావా."

చిన్నారావు కోడలి వైపు తిరిగి రెండు కొబ్బరి బొండాలు కొట్టించి ఇమ్మన్నాడు. వాళ్లు తాగేదాకా పక్కనే నిలబడ్డాడు. ధర పెంచబోయిన తారకేశ్వరరావుతో ఎండ ముదురుతోందని, బయలుదేరమని చెప్పాడు. మోటారు సైకిలు సరుగుడు తోపు దాటి వెళ్లేదాకా చూసి, ఇంట్లోంచి చాప తెచ్చి పరుచుకొని, బండి కింద దూరాడు. తను వేసిన రంగు ఎలా ఉందో తానే చూసుకోవాలని కాబోలు.

జ్యోత్స్నకు ఆయన పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి కొంచెంకొంచెంగా ముందుకు జరుగుతూ ఇంజను దగ్గర ఆగాయి. చాలాసేపు కదల్లేదు.

"ఈడ రంగెవులు గోకీసినారు?"

ఆమె వెళ్లి చక్రం పక్కన కూర్చుంది. "శివాజన్న మావా."

"ఈ రబ్బరు?"

"నానే ఎట్టినాను. ఇందాక."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. తీగ వేలికి కాలడం నుంచి, శివాజీ పట్టించిన తీగతో బండి స్టార్టవడం దాకా క్రమంగా చెప్పింది. రంగు అన్న మాట వీలైనంత తక్కువగా వాడింది. అయినా అది చెప్పకుండా కుదిరే సంగతి కాదు.

"ఇనుముకి ఇనుము తగిలితే ఉప్పు తినేస్తాది," అన్నాడాయన.

"ఈడ తగలాల మావా. తగలకపోతే నడవదు."

"ఎర్ర ఎండలో పడుకొని ఏసినాను."

"తెలుసు."

"మరి ముందే నాకు సెప్పొచ్చు కదా."

"సెప్తే ఏటనుకుంటావో అని."

"ఏటనుకుంటాను," అన్నాడు. కాసేపటికి మళ్లీ అన్నాడు, "పడవకి ఇలగే ఏస్తాం." చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. పానా ఇమ్మన్నాడు.

బోల్టు విప్పి, టేపు ఊడదీసి, రబ్బరు ముక్కలు రెండూ బయట పడేశాడు. ఒకటి తిరిగి తీసుకొని వెలుగులో పెట్టి చూశాడు.

"కుక్కర్ది కాదేటి ఇది? మీ అత్త ఎతుకుతాది."

"పాతది మావా."

"పాతదయితే మాత్రం ఊరుకుంటాదేటి."

శివాజీ రుద్దిన చోటు ఆయనకు నచ్చలేదు. అంచుల్లో నీలం మిగిలి ఉందన్నాడు. పడవ పలకలు గీకే తన ఉలి తెప్పించుకొని, దానితో అంచులు, మరలు, పట్టీ చెవి రెండు ముఖాలు గీకాడు. వాషరును బయటికి తీసి బండ మీద రుద్దాడు. బిగించాక ఇంజను బోట్లకు వాడే గ్రీజు వేలితో తీసి, బోల్టు చుట్టూ గాలి దూరకుండా పూశాడు. ఆ పని చేసేటప్పుడు ఆయన ముఖం పడవకు రంగు వేసేటప్పటిలాగే ఉంది.

"ఈ ఒక్క సోటే కదా?" అని అడిగాడు.

బ్యాటరీ నెగెటివు తీగ ఛాసిస్‌కు బిగించిన చోటు ఇంకోటి ఉంది. అక్కడ రంగు లేదని శివాజీ చూసే చెప్పాడు. బ్యాటరీ పెట్టె విప్పడం చేతకాక మామ దాన్ని వదిలేసి ఉంటాడు.

"ఈ ఒక్క సోటే," అంది.

తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. చిన్నారావు చాప దులిపి చుట్టుకొని లోపలికి వెళ్లాడు.

సాయంత్రం దేముడమ్మ వచ్చి, టెక్కలి ఆయన ఏమన్నాడని అడిగింది. తూకానికి అడిగాడని చిన్నారావు చెప్పాడు. ఆవిడ తారకేశ్వరరావు వంశాన్ని కొంతదూరం తిట్టి, కళావతికి కబురు చెప్పి వస్తానని బయలుదేరింది. ఫ్యాక్టరీలో ఆ చోటు ఎవరికైనా ఇచ్చుకోమను, మన కోడలు గుంటకి ఖాళీ లేదు అని చిన్నారావు వెనక నుంచి అన్నాడు. కుక్కరు గ్యాస్కెట్టు సంగతి ఆవిడకు మర్నాడు గాని తెలియలేదు.

మర్నాడు పొద్దున ఆడవాళ్లు అలవాటు కొద్దీ తుఫాను షెల్టరు దగ్గరే గంపలు దించి నిలబడ్డారు. బండి ఇంటి ముందు నుంచి దానంతట అది నడుచుకుంటూ వచ్చింది. గంపలు ఎక్కించాక జ్యోత్స్న ఇంజను ఆపి, ఆఖరి గంపకు తాడు కట్టి, మళ్లీ సీట్లోకి ఎక్కింది. వెనక కళావతి, ఆమె పక్కన ఇంకో ముగ్గురు, చీర కొంగులు బిగించి వెనక తలుపుకు చేతులు ఆనించారు. తాళం తిరిగింది. ఇంజను వెంటనే అందుకుని బండి ముందుకు కదిలింది. నలుగురి చేతులూ అలాగే గాలిలో ఉండిపోయాయి.

జ్యోత్స్న కొంతదూరం వెళ్లి బండి ఆపి, వాళ్లు నడిచి వచ్చి ఎక్కేదాకా ఆగింది.